మలక్‌పేట ఏడు రేసులు: గెలిచే గుర్రాన్ని ముందే చెప్పడం విద్యా, జోస్యమా?

మూడు లాంతర్ల మాస్టారు (విజయనగరం), సోమవారం ఉదయం

నిన్న ఆదివారం హైదరాబాదు మలక్‌పేటలో జరిగిన ఏడు రేసులకు శనివారం రాత్రే ఇక్కడ నా అంచనాలు రాశాను. రెండు గెలిచాయి, రెండు రెండో స్థానంలో వచ్చాయి. మిగతా మూడింటి సంగతి అడగకండి. అందులో ఒకటి ఇంకా పరిగెడుతూనే ఉందేమో!

ఫలితాల కింద ఒకరు "మాస్టారూ, ఇది జూదానికి దండోరా వేయడమే, ఆపండి" అని రాశారు. మరొకరు "చిలక జోస్యానికీ దీనికీ తేడా ఏమిటి" అన్నారు. మొదటి మాటకు జవాబు ఆలోచిస్తున్నాను. రెండో మాట మాత్రం మింగుడుపడలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. జీవితంలో ఒక్క రూపాయి పందెం కట్టలేదు. రేసు బుక్కు, అంటే గుర్రాల పాత పరుగుల వివరాలు అచ్చువేసే పుస్తకం, నాకు గళ్లనుడికట్టు లాంటిది, అంతే.

నాలుగో రేసు చూడండి. 1200 మీటర్లు, పది గుర్రాలు. నేను ఎంచుకున్నది ఎనిమిదో నంబరు. దాని గత మూడు పరుగులూ 1400 మీటర్లవి. మూడింటిలోనూ చాలా దూరం ముందు వరుసలో ఉండి, చివరి రెండు వందల మీటర్లలో చతికిలపడింది. పనికిరాని గుర్రమని అందరూ వదిలేశారు. నాకు తోచింది వేరు. 1200 దాకా బాగా పరిగెత్తే గుర్రాన్ని 1400కు దింపుతున్నారు, అదీ దాని జబ్బు. మూడు ఓటములతో రేటింగు, అంటే గుర్రం సత్తాకు వేసే మార్కు, ఆరు పాయింట్లు పడిపోయింది. మన దేశంలో రేటింగులో పాయింటుకు అర కిలో లెక్క కనుక వీపు మీద మూడు కిలోలు తగ్గాయి. ఎక్కినవాడు ఇంకా శిక్షణలో ఉన్న జాకీ, అలాంటివారికి మరికొంత బరువు మినహాయిస్తారు. పరుగు మొదలుపెట్టే గేటు కూడా లోపలి వైపే వచ్చింది, మలుపులో తిరిగే దూరం తక్కువ. బుకీల దగ్గర రూపాయికి ఎనిమిది రూపాయల రేటు నడుస్తున్నా నేను దాని పేరే రాశాను. మెడంత తేడాతో గెలిచింది.

ఇది చిలక తీసిన కార్డేనా? చెప్పండి.

బొబ్బిలి బాణం, సోమవారం మధ్యాహ్నం

మాస్టారూ, నమస్కారం. చిలక అన్నది నేనే. మీరు లెక్కలు చెప్పినవారు, నేను లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ని. అందుకే కాస్త ధైర్యం చేస్తున్నాను.

మీరు బరువు సంగతి ఎత్తారు కదా, అక్కడే మొదలుపెడదాం. మన రేసుల్లో చాలా భాగం హ్యాండిక్యాప్‌లే, అంటే సత్తా ఎక్కువున్న గుర్రానికి ఎక్కువ బరువు వేసేవే. 60 రేటింగు ఉన్న గుర్రం 40 రేటింగు ఉన్నదాని కంటే పది కిలోలు ఎక్కువ మోయాలి. జాకీ బరువు చాలకపోతే జీను దగ్గర సీసపు బిళ్లలు పెట్టి మరీ సరిచేస్తారు. ఇదంతా ఎందుకు? గుర్రాలన్నీ పక్కపక్కనే గీత దాటాలన్నది ఆ బరువులు నిర్ణయించే మనిషి ఆశయం. అంటే మీ అంచనా తప్పించడమే ఉద్యోగంగా ఒక నిపుణుణ్ని అక్కడ కూర్చోబెట్టారు. మీరు చదివే ప్రతి అంకె ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఆయన పొరపాటు చేసినప్పుడే మీకు పని. అలాంటి పొరపాటు ఒక రోజులో ఎన్ని రేసుల్లో ఉంటుందంటారు? ఏడింటిలో ఏడా?

ఇంకొకటి. నిన్న ఏడు రేసుల్లో ఫేవరెట్లు మూడు గెలిచాయి. ఏ పుస్తకమూ తిరగేయకుండా, జనం దేని మీద ఎక్కువ డబ్బు పెట్టారో దాని పేరే చెప్పినవాడికి మూడు. రాత్రంతా కూర్చున్న మీకు రెండు.

చీపురుపల్లి రైతు, సోమవారం రాత్రి

నాకు మలక్‌పేట తెలియదు. మా వైపు పల్లెల్లో పండగలకు పెట్టే గుర్రపు పరుగులు తెలుసు. అక్కడ గెలిచే గుర్రాన్ని చెప్పడానికి పుస్తకాలు అక్కర్లేదు. ఎవరు గుర్రానికి నెల రోజులుగా ఉలవలు ఉడికించి పెడుతున్నారో, ఎవరి గుర్రం చెరువు గట్టు మీద గడ్డితోనే సరిపెట్టుకుంటోందో ఊరంతటికీ తెలుసు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అంటారు గానీ, దాణా తప్పించి పరుగుకు తెచ్చిన మహానుభావులను కూడా చూశాను.

ఒక ఏడాది మా పెదనాన్న గుర్రం ఊళ్లో అందరికంటే ముందుంటుందని పేరు. పక్క ఊరివాళ్లంతా దాని మీదే పందెం కాశారు. దానికి ముందు కాలి గిట్టలో నాలుగు రోజుల క్రితమే రాయి గుచ్చుకుందని మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. పక్క ఊరికి తెలియదు. పరుగులో అది నాలుగోది. ఆ రోజు ఎవరి జేబు ఖాళీ అయిందో వేరే చెప్పాలా?

మాస్టారూ, మలక్‌పేట గుర్రాలకు మీరు పక్క ఊరివారు. తెల్లవారుజామున మైదానంలో ఏ గుర్రం ఎలా పరిగెత్తిందో, ఏది మేత ముట్టలేదో, దేని కాలు వేడిగా ఉందో గుర్రపుశాలలో ఉన్నవాడికి తెలుస్తుంది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లినా ఆ సంగతులు మీ దాకా రావు. పుస్తకంలో అచ్చయింది అందరికీ తెలిసిందే. అచ్చు కానిదే అసలు సంగతి.

ఆమదాలవలస వకీలు, మంగళవారం ఉదయం

జూదమా కాదా అన్నంత వరకు సుప్రీంకోర్టు 1996 జనవరిలోనే తేల్చింది. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలను ఆపడానికి ఒక చట్టం, 1986లో మద్రాసు రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి ఇంకో చట్టం చేసింది. ఆ తగాదాలోనే లక్ష్మణన్ కేసు తీర్పు వచ్చింది. గుర్రం వంశం, శిక్షణ, సత్తా, జాకీ నేర్పు, వీటిని బట్టి ఫలితం ఉంటుంది గనుక ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆటే అన్నారు. అంతకు ముందు 1967 నవంబరులో రమ్మీ గురించి ఇలాంటి మాటే అన్నది మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే.

కానీ పన్ను దగ్గరకు వచ్చేసరికి ప్రభుత్వం నైపుణ్యం మాట మరచిపోతుంది. పందెం పూర్తి మొత్తం మీద జీఎస్టీ మొదట 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం, క్యాసినోలతో, లాటరీతో ఒకే వరుసలో. గెలుపు 10,000 రూపాయలు దాటితే చెల్లించేచోటే 30 శాతం ఆదాయపు పన్ను పట్టుకుంటారు. ఓడిన పందేలను ఆ గెలుపులోంచి తీసేసి చూపిస్తానంటే కుదరదు. కోర్టు విద్య అన్నదాన్ని పన్ను అధికారి అదృష్టం కింద జమ కట్టుకుంటాడు. ఇద్దరూ చట్టప్రకారమే!

మూడు లాంతర్ల మాస్టారు, మంగళవారం సాయంత్రం

వకీలు గారు అంకెలిచ్చారు గనుక బాణం గారికి లెక్కతోనే జవాబు చెబుతాను.

ఒక్కో రేసుకు వంద రూపాయల పందెం అనుకుందాం. పన్నుతో 140. ఏడు రేసులకు 980. గెలిచిన ఫేవరెట్ల రేట్లు చూశాను. ఒకటి రూపాయికి రూపాయి, ఒకటి రూపాయిన్నర, ఒకటి రెండు రూపాయలు. అసలుతో కలిపి చేతికి వచ్చేది 200, 250, 300. మొత్తం 750. అంటే మీ మూడు గెలుపుల మనిషికి 230 నష్టం.

ఇప్పుడు నా రెండు. ఎనిమిదో నంబరుకు 900. రెండోది మీ ఫేవరెట్లలోనే ఒకటి, దానికి 250. మొత్తం 1150. లాభం 170. ఎన్ని గెలిచాయన్నది లెక్క కాదు బాణం గారూ, ఎంత రేటుకు గెలిచాయన్నది లెక్క. జనం చిన్నచూపు చూసిన గుర్రాన్ని పట్టుకోవడమే ఇందులో విద్య. గెలిచే గుర్రం ఏదో చెప్పడం కంటే, గెలిచే అవకాశానికి మించి రేటు పలుకుతున్న గుర్రం ఏదో చెప్పడం కష్టం.

రైతు గారి మాటకు మాత్రం జవాబు లేదు. నేను పక్క ఊరివాణ్నే.

బొబ్బిలి బాణం, మంగళవారం రాత్రి

ఒప్పుకున్నాను, ప్రశ్న గెలుపు గురించి కాదు, రేటు గురించి. కానీ మాస్టారూ, మీ విద్య మొత్తం ఒక గుర్రం మెడ మీద నిలబడింది. ఆ మెడ అవతలి గుర్రానిదై ఉంటే? మీ చేతికి 250, ఖర్చు 980. నష్టం 730. అదే పుస్తకం, అదే రాత్రి, అదే లెక్క. ఒక క్లాసులో ఏడుగురు పిల్లల మార్కులు చూసి బడి స్థాయి నిర్ణయిస్తే మీరు ఊరుకునేవారా? ఏడు రేసులు కాదు, ఏడు వందల రేసులకు ముందే రాసిపెట్టి చూపించండి. అప్పుడు చిలక మాట వెనక్కి తీసుకుంటాను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం), బుధవారం ఉదయం

నేను ఎప్పుడూ చదవడమే గానీ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మా వారికి ఫోనులో టిప్పులు వస్తాయి. వారానికి ఇంత అని డబ్బు కడితే "పక్కా గుర్రం" పేరు పంపుతారు. మొదటి రెండు సార్లు నిజంగానే గెలిచింది. ఆ తరువాత చెప్పేదేముంది, వరుసగా పోయింది. మా తమ్ముడు ఆరా తీస్తే తేలిందేమంటే, ఆమదాలవలసలో అతని స్నేహితుడికి కూడా అక్కడి నుంచే టిప్పులు. ఇద్దరూ ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశారు. అదే రేసు, అదే "పక్కా" మాట, గుర్రాలు మాత్రం వేరు. ఎనిమిది గుర్రాల రేసుకు మనుషులను ఎనిమిది గుంపులు చేసి, గుంపుకో గుర్రం చొప్పున పంపితే ఒక గుంపుకు తప్పకుండా గెలుస్తుంది. గెలిచిన గుంపు మళ్లీ కడుతుంది. దీనికి ఏ విద్యా అక్కర్లేదు.

మాస్టారు గారూ, మీరు అలాంటివారు కాదని తెలుసు. డబ్బు అడగరు, కారణాలు చెబుతారు, ఓడినవి కూడా దాచకుండా రాస్తారు. చిక్కు అక్కడే ఉంది. ఆ టిప్పుల వాళ్లు మోసమని చెబితే మా వారు విన్నారు. మీ రాతలు మోసమని ఎలా చెప్పను? మీరు పందెం కట్టరు. మా వారు మీ మాట మీద కడతారు. ఆదివారం ఎనిమిదో నంబరు మీద పెట్టారు, గెలిచారు. ఆ రాత్రి ఇంటికి మిఠాయి పొట్లం తెచ్చారు. పిల్లలు తిన్నారు. నాకు మాత్రం గొంతు దిగలేదు, ఎందుకంటే వచ్చే ఆదివారానికి ఎంత తీస్తారో నాకు తెలుసు.

చీపురుపల్లి రైతు, బుధవారం మధ్యాహ్నం

అమ్మా, మీరు రాసింది చదివాక నా ఉలవల కథ నాకే చప్పగా ఉంది.

మూడు లాంతర్ల మాస్టారు, బుధవారం రాత్రి

నాగావళి గట్టు అమ్మా, మీ మాట పొద్దున్నే చదివాను. జవాబు రాయడానికి రాత్రయింది.

అంచనా వేయడం విద్యేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ విద్య రేసుకు ముందే నలుగురి కంట పడాల్సిన అవసరం ఏముంది? గళ్లనుడికట్టు జవాబులు మరునాడు చూసినా నింపినవాడి తెలివి ఎక్కడికీ పోదు. అందుకని ఇలా అనుకున్నాను. ఇకపై శనివారం రాత్రి నా అంచనాలు కాగితం మీద రాసి, కవరు అతికించి, గంటస్తంభం దగ్గర మేము కూర్చునే టీ కొట్టు ఆయనకు ఇస్తాను. ఆయనకు రేసులంటే గిట్టదు, విప్పి చూడడు. ఆదివారం చివరి రేసు ముగిశాక కవరు చింపి, ఫోటో తీసి ఇక్కడ పెడతాను. పాత రాతలు ఇవాళే తీసేయమని నిర్వాహకులను అడిగాను. బాణం గారూ, ఏడు వందల రేసులు అన్నారు. వారానికి ఏడు చొప్పున వంద ఆదివారాలు. నాకిప్పుడు అరవై ఎనిమిది. చూద్దాం.

బొబ్బిలి బాణం, బుధవారం రాత్రి

ఒక్క షరతు. గుర్రం పేరు ఒక్కటే రాస్తే చాలదు. అది గెలిచే అవకాశం నూటికి ఎంతో, ఎంత రేటు ఉంటే పందానికి తగినదో కూడా ఆ కవరులోనే రాయాలి. లేకపోతే గెలిచాక ఎవరైనా కారణాలు చెబుతారు. ఒక ఆదివారం నేనూ టీ కొట్టుకు వస్తాను. బొబ్బిలి నుంచి ఎంతసేపు!

నాగావళి గట్టు, గురువారం ఉదయం

మాస్టారు గారూ, మా వారు రాత్రి మీ జవాబు చదివారు. "ఆదివారం సాయంత్రం చెబితే ఇంకెందుకు?" అని ఫోను పక్కన పెట్టేశారు.