‘ఇన్ టైమ్’ చూశారా? బెంగళూరు మనవాళ్లకి ఏ సీన్ తగిలింది?

సిల్క్‌బోర్డు బాధితుడు: వీకెండ్‌లో పీజీ వాళ్లమంతా కూర్చుని చూశాం. 2011లో ఆండ్రూ నికోల్ తీసిన హాలీవుడ్ సినిమా. డబ్బుండదు, ఆయుష్షే కరెన్సీ. పాతికేళ్లకి వయసు ఆగిపోయి చేతి మీద ఒక్క ఏడాది గడియారం మొదలవుతుంది, అది సున్నాకొస్తే చావే. జీతం, అద్దె, కాఫీ అన్నీ అందులోంచే. మీకేది గుచ్చుకుంది?

కడప కుర్రోడు: ఇంకేముంది, బస్సు సీన్. హీరో తల్లి చేతిలో గంటన్నరే ఉంటుంది. టికెట్ గంట నుంచి రెండు గంటలైందని డ్రైవర్ ఎక్కనివ్వడు. నడిస్తే రెండు గంటలు పడుతుంది కాబట్టి పరుగందుకుంటుంది, కొడుకు ఎదురొస్తాడు, ఒక్క క్షణం తేడాలో ప్రాణం పోతుంది. ఇక్కడా అంతే, 2025 జనవరిలో సిటీ బస్సుల సంస్థ బీఎంటీసీ ఛార్జీలు 15 శాతం పెంచింది, ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 అయింది. మెట్రో మానేసి రెండు బస్సులు మారుతున్నా. డబ్బులు మిగులుతున్నాయి, సాయంత్రాలు మిగలట్లేదు.

నెల్లూరమ్మాయి: కర్ణాటక మహిళలకి ఉచిత బస్సు ఇచ్చే శక్తి పథకం వచ్చాక మా ఆఫీసులో కన్నడ అమ్మాయిలకి జీరో టికెట్. నా ఆధార్‌లో నెల్లూరు అడ్రస్ చూసి కండక్టర్ చెయ్యి చాపుతాడు. సినిమాలో ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కి దాటాలంటే నెలల కొద్దీ ఆయుష్షు టోల్ కట్టాలి కదా, అది చూసి నవ్వొచ్చింది.

వైట్‌ఫీల్డ్ బాబాయ్: అంత లేదమ్మా. అవుటర్ రింగ్ రోడ్డు మీద కోటీశ్వరుడి కారూ ఇరుక్కోవాల్సిందే. ఇక్కడ టైమ్ అందరికీ సమానంగానే పోతుంది.

క్యాబ్ నడుపుతా: ఎక్కడి సమానం బాబాయ్? వెనక సీట్లో సారు ల్యాప్‌టాప్ తెరిచి మీటింగులు కానిచ్చేస్తాడు, ఆ గంటకి ఆయనకి జీతం పడుతుంది. నాకు ట్రిప్పు లెక్క. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఆగిపోతే తర్వాతి ట్రిప్పు పోయినట్టే. పైగా సీఎన్‌జీ క్యూ వేరే.

డెలివరీ తమ్ముడు: ధనవంతుల జోన్‌లో హీరో గబగబా తింటుంటే, అన్నీ తొందరగా చేస్తున్నావు, నువ్విక్కడివాడివి కాదని సర్వర్ పట్టేస్తుంది. మనమూ అంతే. గేటు దగ్గర సెక్యూరిటీకి ఫ్లాట్ నంబర్ చెప్పి, ఓటీపీ వచ్చేదాకా నిలబడి, సర్వీస్ లిఫ్టుకి పరుగు. ఆ లిఫ్టులోకి అప్పుడే ఎవరో మంచం ఎక్కిస్తుంటారు. పక్కన మెయిన్ లిఫ్టు ఖాళీగా తలుపులు తెరుచుకునే ఉంటుంది. లేటైతే రేటింగ్ పోయేది నాకే.

వైట్‌ఫీల్డ్ బాబాయ్: సరే తమ్ముడూ, నీ మాటకి ఎదురు లేదు. సినిమా సెకండాఫ్ మాత్రం తేలిపోయింది. హీరో వాళ్లు టైమ్ బ్యాంకులు దోచి పేదలకి పంచేస్తే అయిపోతుందా?

కడప కుర్రోడు: అవ్వదనే కదా సినిమాలోనూ చూపించింది! వీళ్లు టైమ్ పంచగానే పైవాళ్లు రేట్లు పెంచేస్తారు. ఏప్రిల్‌లో మాకు హైక్ లెటర్ వచ్చిన వారంలోనే ఓనర్ అంకుల్ కాఫీకి పిలుస్తాడు. ఈసారి అద్దెతో పాటు అడ్వాన్సు కూడా పెంచాడు.

నెల్లూరమ్మాయి: మా ఓనరైతే కాఫీ కూడా ఇవ్వలేదు, వాట్సాప్‌లో పెట్టేసింది.