చిన్న బెంచ్ మిల్లింగ్ మిషన్‌కు ఏ ఎండ్ మిల్ కట్టర్లు కొనాలి?

ప్రశ్న:
నమస్కారం. 500 వాట్ల మోటారు, ఎంటీ3 స్పిండిల్ (కట్టర్‌ను పట్టే సాధనం కూర్చునే మూడో నంబరు మోర్స్ టేపర్ రంధ్రం ఉన్నది), గరిష్ఠంగా 2500 ఆర్‌పీఎం ఉన్న చిన్న మిల్లింగ్ మిషన్‌పై అల్యూమినియం ప్లేట్లు, అప్పుడప్పుడు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ముక్కలు చేస్తుంటాను. గట్టిదని దుకాణంలో ఇచ్చిన 6 మి.మీ. నాలుగు ఫ్లూట్ల (చిప్స్ బయటికి వచ్చే మెలికల సందుల) కార్బైడ్ కట్టర్‌తో ఎం.ఎస్.లో స్లాట్ (గాడి) తీస్తుంటే మిషన్ వణుకుతోంది, కట్టర్ మూలలు చిట్లుతున్నాయి. అదే కట్టర్ అల్యూమినియంలో పెడితే చిప్స్ ఫ్లూట్లలో అతుక్కుపోతున్నాయి. ఏ రకం, ఏ సైజులు తీసుకోవాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
కట్టర్‌లో లోపం ఉండకపోవచ్చునండి. అది కోరే వేగం మీ మిషన్‌లో లేదు. కట్టింగ్ స్పీడ్‌ను (కట్టర్ అంచు లోహంపై కదిలే వేగాన్ని) నిమిషానికి ఇన్ని మీటర్లని తీసుకుని, 318తో గుణించి, కట్టర్ వ్యాసంతో భాగిస్తే కావలసిన ఆర్‌పీఎం వస్తుంది. ఎం.ఎస్.పై కార్బైడ్‌కు తక్కువలో తక్కువగా 80 మీటర్లు అనుకున్నా 6 మి.మీ. కట్టర్ 4200 ఆర్‌పీఎం పైనే తిరగాలి. హెచ్‌ఎస్‌ఎస్‌కు (హై స్పీడ్ స్టీల్ కట్టర్‌కు) 25 మీటర్లు చాలు కాబట్టి 1300 దగ్గర హాయిగా కోస్తుంది. పైగా కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు. బరువు తక్కువైన మిషన్ వణికినప్పుడు హెచ్‌ఎస్‌ఎస్ కాస్త ఓర్చుకుంటుంది, కార్బైడ్ అంచు మాత్రం రాలిపోతుంది. మీ పనికి సాధారణ ఎం2 రకం హెచ్‌ఎస్‌ఎస్ సరిపోతుంది. 5 శాతం కోబాల్ట్ ఉన్న ఎం35 స్టెయిన్‌లెస్ పని వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అల్యూమినియానికీ, ఏ లోహంలోనైనా స్లాట్‌కూ రెండు ఫ్లూట్లవే తీసుకోండి. స్లాట్‌లో కట్టర్‌కు రెండు వైపులా గోడలుంటాయి, చిప్స్ పైకి రావడానికి ఫ్లూట్లలో చోటుండాలి. నాలుగు ఫ్లూట్లవి ఎం.ఎస్. అంచులు చదును చేయడానికి ఉంచుకోండి. అల్యూమినియంపై కిరసనాయిలు కొద్దికొద్దిగా బ్రష్‌తో రాస్తే అతుక్కోవడం చాలావరకు తగ్గుతుంది. టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత ఉన్నవి మాత్రం ఆ పనికి వద్దు. భయపడి ఫీడ్ (లోహపు ముక్కను కట్టర్‌లోకి నడిపే వేగం) మరీ నెమ్మదిగా ఇచ్చినా కట్టర్ కోయకుండా రుద్దుకుని మొండిబారుతుంది. పంటికి 0.03 మి.మీ. చొప్పున చూస్తే, రెండు ఫ్లూట్ల కట్టర్‌కు 1300 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 78 మి.మీ. ఫీడ్ అవుతుంది.

రెండవ జవాబు:
పై సలహాకు ఒక్కటి చేరుస్తాను. కట్టర్‌ను దేనితో పట్టారో ప్రశ్నలో రాయలేదు. డ్రిల్ చక్‌లో బిగించి ఉంటే ముందు దాన్ని మార్చండి. అది నిలువు ఒత్తిడి కోసం చేసిన చక్, పక్క ఒత్తిడికి టేపర్ నుంచి జారి ఊడిపడే ప్రమాదముంది. డ్రాబార్‌తో (స్పిండిల్ పైనుంచి లాగి పట్టే పొడవాటి బోల్టుతో) బిగించే ఎంటీ3 కోలెట్ (కట్టర్‌ను చుట్టూ సమంగా పట్టే చీలికల గొట్టం) గానీ, ఈఆర్25 కోలెట్ చక్ గానీ వాడాలి. కట్టర్ బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే అదే ఒత్తిడికి వంపు ఎనిమిది రెట్లవుతుంది కనుక, పొడవాటి కట్టర్ ఎప్పటికైనా పనికొస్తుందని కొనకండి. వ్యాసం 6 నుంచి 8కి పెరిగితే వంపు మూడో వంతుకు దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పట్టింది డ్రిల్ చక్‌లోనే. 8 మి.మీ. కీవేకు (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడికి) 8 మి.మీ. కట్టరే వాడవచ్చునా? రకరకాల సైజులున్న పెట్టె సెట్టు చవకగా వస్తోంది, అది కొనవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
కీవే కొలత కచ్చితంగా రావాలంటే 6 మి.మీ. కట్టర్‌తో మధ్యలో తీసి, రెండు గోడలనూ విడివిడిగా కొలతకు తెచ్చుకోండి, 8 మి.మీ. కట్టర్‌ను ఒకేసారి నడిపితే స్లాట్ కాస్త వెడల్పవుతుంది. గోడలు కోసేటప్పుడు క్లైంబ్ మిల్లింగ్ (కట్టర్ పళ్లు కదిలే దిశలోనే ముక్కను నడపడం) వద్దు, టేబుల్ స్క్రూలో బ్యాక్‌లాష్ (వదులు) ఉంటే కట్టర్ జాబ్‌ను (కోస్తున్న ముక్కను) లోపలికి లాగేసుకుంటుంది. సెట్టు కొంటే మీరు వాడేవి రెండో మూడో, మిగతావి పెట్టెలోనే ఉంటాయి. దాని బదులు అడిసన్, మిరండా వంటి పేరున్న తయారీలో రెండు ఫ్లూట్ల 6, 10 మి.మీ. సైజులు రెండేసి, నాలుగు ఫ్లూట్ల 10 మి.మీ. ఒకటి తీసుకోండి. రెండు ఫ్లూట్లవి నేరుగా కిందికి దించడానికి వీలైన సెంటర్ కటింగ్ రకమేనా అని కొనే ముందు కొన చూసి నిర్ధారించుకోండి. కోలెట్ చక్ మాత్రం వీటన్నిటికంటే ముందు కొనండి.