జూలియా ఎవరింటి మనిషి? రోమన్ పెళ్ళిళ్ళ మీద ఒక సందేహం

కాగడా (ప్రశ్న):
క్రీ.పూ. 59లో సీజర్ తన కూతురు జూలియాను తోటి రోమన్ సేనాని పాంపీకి ఇచ్చాడు. అప్పటికే సెర్విలియస్ కేపియోతో కుదిరిన సంబంధం తెంచి మరీ! రాజకీయ వియ్యమని తెలుస్తూనే ఉంది. తర్వాత సీజర్ దత్తపుత్రుడు, తొలి చక్రవర్తి అగస్టస్ కూడా తన కూతురికి (ఈమె పేరూ జూలియానే) మూడు పెళ్ళిళ్ళు చేశాడు: క్రీ.పూ. 25లో మార్సెల్లస్‌తో, 21లో అగ్రిప్పాతో, 11లో టైబీరియస్‌తో. క్రీ.పూ. 2లో ఆ మూడో అల్లుడు రోడ్స్ దీవిలో ఉండగా, అతని పేరు మీద మామే విడాకులు పంపించాడు. పెళ్ళయిన కూతురి మీద తండ్రికి అంత హక్కు ఎక్కడిది? కట్నం సంగతేమిటి? అందరికీ అదే పేరేమిటి?

రాతిపలక:
పేరు తేలిక. అది ఆమె పుట్టింటి ఇంటిపేరే. జూలియస్ వంశంలో పుడితే జూలియా, ఆక్టేవియస్ వంశంలో పుడితే ఆక్టేవియా. ఇద్దరుంటే పెద్ద, చిన్న అని చేర్చేవారు. మనకి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, వాళ్ళకి మారదు.

హక్కు విషయానికొస్తే, రోమన్ పెళ్ళి రెండు రకాలు. 'మానుస్' ఉన్న పెళ్ళిలో భార్య మొగుడి అధికారం కిందికి వెళ్ళిపోతుంది. అది లేని పెళ్ళిలో కాపురం అత్తింట్లో, చట్టం లెక్కన మాత్రం ఆమె తండ్రి చేతికిందే. చక్రవర్తులకు ముందటి రిపబ్లిక్ కాలం చివరికి రెండోదే మామూలైంది. కాబట్టి తండ్రి తల్చుకుంటే కూతుర్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. విడాకులకు కోర్టు అక్కర్లేదు, కబురు పంపితే చాలు.

ఇబ్బందల్లా పిల్లలతో. వాళ్ళు తండ్రి వంశానికే చెందుతారు. అగ్రిప్పాకి పుట్టిన గాయస్, లూసియస్ అగస్టస్‌కి దౌహిత్రులే తప్ప వారసులు కారు. అందుకే క్రీ.పూ. 17లో వాళ్ళని దత్తత తీసుకున్నాడు, అదీ అల్లుడి దగ్గర 'కొని'. త్రాసు పట్టుకునే మనిషి ఒకడు, సాక్షులు ఐదుగురు, ఒక రాగి నాణెం. కొడుకుని ఇలా మూడుసార్లు అమ్మితేగాని తండ్రి అధికారం తెగదని పన్నెండు ఫలకాల చట్టం (రోమన్ల తొలి లిఖిత చట్టం).

తూకంరాయి:
కట్నం గురించి. కాపురం సాగినన్నాళ్ళూ అది మొగుడి ఆస్తే, విడిపోతే తిరిగివ్వాలి. భూమైతే వెంటనే, నగదైతే ఏడాదికొకటి చొప్పున మూడు వాయిదాల్లో. విడాకులకు తప్పు భార్యదో ఆమె తండ్రిదో అయితే, బిడ్డకి ఆరోవంతు చొప్పున, గరిష్ఠంగా సగం వరకూ మొగుడు ఉంచుకోవచ్చు.

పెద్దింటి కట్నాలెంతో చెబుతాను. హానిబల్‌ని ఓడించిన స్కిపియో కూతుళ్ళకి చెరి 50 టాలెంట్లు (వెండిని తూచే పాత కొలత). సగం తల్లి ఇచ్చింది. ఆమె పోయాక మిగతా సగం మనవడు స్కిపియో ఎమిలియానస్ మీద పడింది. మూడేళ్ళ గడువున్నా పది నెలల్లోనే మొత్తం కట్టేస్తే, డబ్బు అందుకున్న అల్లుళ్ళు బ్యాంకరే పొరపాటుపడ్డాడనుకున్నారట!

ఈ వియ్యాలు ఎక్కడ బెడిసికొడతాయో సీజర్ కూతురి దగ్గరే తెలుస్తుంది. క్రీ.పూ. 54లో ఆమె కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత సీజర్ తన సోదరి మనవరాలు ఆక్టేవియాని ఇస్తానన్నాడు (అప్పటికే ఆమెకి పెళ్ళయింది, అదొక అడ్డమా?). పాంపీ ఒప్పుకోలేదు. క్రీ.పూ. 52లో మెటెల్లస్ స్కిపియో కూతురు కొర్నీలియాని చేసుకున్నాడు, అంటే సీజర్‌కి పడని వర్గంతో కలిశాడు.

రాతిపలక:
ఒకటి చేర్చాలి. తండ్రి పోయినంత మాత్రాన స్త్రీ చేతికి పూర్తి పగ్గాలు రావు. పెద్ద లావాదేవీలకు 'ట్యూటర్' అనే సంరక్షకుడి అనుమతి కావాలి. క్రీ.పూ. 35లో అగస్టస్ భార్య లివియాకీ, అతని అక్క ఆక్టేవియాకీ (పాంపీకి ఇస్తానన్నది ఈమెనే) ఆ సంరక్షణ తీసేశారు. పైగా వాళ్ళని అవమానిస్తే ట్రిబ్యూన్‌ని (ఒంటి మీద చెయ్యి వేయకూడని ప్రజాప్రతినిధి) అవమానించినంత నేరమన్నారు. లివియా తన ఆస్తిని తనే నడిపింది ఆ వెసులుబాటుతోనే. తర్వాత, అగస్టస్ తెచ్చిన వివాహ చట్టాలతో, బానిసలుగా కాక స్వతంత్రులుగా పుట్టి ముగ్గురు పిల్లల్ని కన్న స్త్రీలందరికీ అదే మినహాయింపు దొరికింది.

కాగడా:
ధన్యవాదాలండీ. లివియా మాత్రం జూలియా కాదు కదా, హమ్మయ్య.

తూకంరాయి:
తొందరపడకండి. క్రీ.శ. 14లో అగస్టస్ వీలునామాలో ఆమెకు మూడోవంతు ఆస్తి రాసి, జూలియస్ వంశంలోకి దత్తత కూడా తీసుకున్నాడు. ఆ ఏడాది తర్వాతి రాతల్లో 'జూలియా అగస్టా' అని కనబడితే అది లివియానే.