ప్రీమెడ్ మొదటి సెమిస్టర్‌కు 18 క్రెడిట్లు ఎక్కువా?

తిరుపతి_నాన్న:
మా పాప పుట్టింది అమెరికాలో, చదివిందంతా తిరుపతిలోనే. ఈ యేడు బైపీసీ అయిపోయింది, ఆగస్టులో అక్కడ డిగ్రీలో చేరుతుంది. డాక్టర్ కావాలని పట్టుదల. అక్కడ మెడికల్ స్కూల్ డిగ్రీ తర్వాతే కదా, దానికి సిద్ధమయ్యే ఈ చదువునే ప్రీమెడ్ అంటారు. మొదటి సెమిస్టర్‌కు తను రాసుకున్న లిస్టు: జనరల్ కెమిస్ట్రీ ల్యాబుతో కలిపి 4 క్రెడిట్లు, బయాలజీ ల్యాబుతో 4, కాలిక్యులస్ 4, ఇంగ్లీష్ రైటింగ్ 3, సైకాలజీ 3. మొత్తం 18. ఇంటర్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు కూర్చున్నదాన్ని, ఇదెంత అంటోంది. సరేనా, తగ్గించమనాలా?

పలమనేరు_అక్క:
తగ్గించమనండి అన్నా. క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, బయట రెండు గంటల చదువు అని అక్కడి లెక్క. 18 అంటే వారానికి 54 గంటలు. ల్యాబు ఆ లెక్కకు లొంగదు. పేరుకు ఒక క్రెడిట్, నిలబడాల్సింది మూడు గంటలు, ముందురోజు ప్రీ-ల్యాబ్ అని ప్రయోగానికి తయారీ, తర్వాత రిపోర్టు. మొదటి సెమిస్టర్లోనే రెండు ల్యాబులు వద్దు.

కెమిస్ట్రీని మాత్రం కదిలించొద్దు. చాలా కాలేజీల్లో జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు అయితేగానీ ఆర్గానిక్ ఇవ్వరు, ఆర్గానిక్ అయితేగానీ బయోకెమిస్ట్రీ ఇవ్వరు. మొదట్లో ఒక సెమిస్టర్ జారితే ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ఎంట్రన్స్) దాకా అన్నీ జారతాయి. బయాలజీకి అంత గొలుసు లేదు. వచ్చిన సబ్జెక్టు ఎందుకు ఆపాలని పాపకు బాధగా ఉంటుంది, కానీ వాయిదా వేయాల్సింది అదే. అది తీస్తే 14.

మదనపల్లె_లెక్కలు:
సార్, నాకు భయం కాలిక్యులస్ దగ్గర. బైపీసీలో మ్యాథ్స్ లేకపోతే పాప లెక్కల పుస్తకం ముట్టి రెండేళ్లయింది. కాలిక్యులస్‌లో పిల్లలు దెబ్బతినేది కొత్త పాఠంలో కాదు. లిమిట్ అంటే ఏమిటో చెప్తే పట్టేస్తారు. లవంలో వర్గమూలం కనబడితే పైనా కిందా కాంజుగేట్‌తో (మధ్యలో గుర్తు మార్చిన జతతో) గుణించాలని తట్టక ఆగిపోతారు. లాగ్ సూత్రాలు, రేడియన్లూ అంతే.

ఏ లెక్కల క్లాసులో వేయాలో తేల్చడానికి కాలేజీ ప్లేస్‌మెంట్ టెస్టు పెడితే పక్కన ఎవరూ లేకుండా రాయమనండి. సాయంతో రాస్తే తనది కాని క్లాసులో పడుతుంది. ప్రీకాలిక్యులస్ వస్తే అదే చేయాలి, నామోషీ ఏమీ లేదు. కాలిక్యులస్ అడగని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి, కొన్ని స్టాటిస్టిక్స్ అడుగుతాయి. తను అప్లై చేయాలనుకునే స్కూళ్ల పేజీలు చూసుకుని తేల్చుకోమనండి.

తిరుపతి_నాన్న:
14 పెట్టుకుని, మధ్యలో కష్టమైతే ఒకటి వదిలేయొచ్చా?

పలమనేరు_అక్క:
అక్కడే చిక్కు అన్నా. 12 కంటే తగ్గితే ఫుల్‌టైమ్ కింద రాదు, స్కాలర్‌షిప్‌కు గండి పడొచ్చు. 14లో మూడు క్రెడిట్లది వదిలినా మిగిలేది 11. సెమిస్టర్ సగంలో మొదలయ్యే కోర్సులు ఆ కాలేజీలో ఉన్నాయేమో ముందే కనుక్కోండి, వదిలినదాని బదులు అందులో చేరొచ్చు. రికార్డులో ఏ గుర్తూ పడకుండా మానుకునే గడువు ఎప్పుడు, డబ్ల్యూ (మధ్యలో వదిలేసినట్టు గుర్తు) పడే గడువు ఎప్పుడు అని అడ్వైజర్‌ని అడగాలి. మొదటిది మామూలుగా ఒకటి రెండు వారాల్లోనే ముగుస్తుంది, ఒక్క పరీక్ష మార్కులు కూడా చేతికి రాకముందే.

ఎఫ్ (ఫెయిల్ గ్రేడు) వచ్చేలా ఉంటే డబ్ల్యూయే నయం. ఎండీ (అక్కడ డాక్టర్ మొదటి డిగ్రీ అదే) స్కూళ్లకు పెట్టే ఏఎంసీఏఎస్ అప్లికేషన్‌లో, మళ్లీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా పాత ఎఫ్‌ను కూడా జీపీఏలో (గ్రేడుల సగటులో) కలుపుతారు. డబ్ల్యూ కలవదు.

మదనపల్లె_లెక్కలు:
ల్యాబ్ రిపోర్టు మన ఇంటర్ రికార్డు లాంటిది కాదని కూడా చెప్పండి సార్. సీనియర్ది చూసి దించితే అక్కడ చీటింగ్ కేసు, కాలేజీ చర్య తీసుకుందా అని మెడికల్ అప్లికేషన్‌లోనే అడుగుతారు. బ్యూరెట్‌లో 24.35 వస్తే 24.35 అనే రాయాలి, రావాల్సింది 25.00 అని దిద్దకూడదు. తేడా ఎందుకొచ్చిందో వివరించినదానికే అక్కడ మార్కులు.