పరిశోధన గ్రంథాల మెటాడేటా ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న (ప్రచురణకర్త, కడప):
అందరికీ నమస్కారం. రాయలసీమ శాసనాల మీద, జానపద సాహిత్యం మీద వచ్చిన పరిశోధన గ్రంథాలను ప్రచురించి, పీడీఎఫ్‌లను ఉచితంగానే అందిస్తున్నాము. ప్రతి పుస్తకానికీ ఐఎస్‌బీఎన్ ఉన్నా విశ్వవిద్యాలయాల క్యాటలాగుల్లో అవి కనబడడం లేదు. పుస్తకాల వివరాలన్నీ, అంటే మెటాడేటాను, తామే నమోదు చేసి గ్రంథాలయాలకు పంపుతామని ఒక సంస్థ అంటోంది గాని, ఆ రికార్డులను మేము తిరిగి తీసుకునే వీలు ఒప్పందంలో లేదు. సంతకం చేయవచ్చా?

సమాధానం (గ్రంథాలయ ఉద్యోగి, అనంతపురం):
దయచేసి చేయకండి. ఐఎస్‌బీఎన్ పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య మాత్రమే. రచయిత, విషయం, సారాంశం, లైసెన్సు, లింకు ఉన్న రికార్డు కంప్యూటర్లు చదవగల రూపంలో బయటికి వెళ్తేనే క్యాటలాగుకు చేరుతుంది. ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదవగల) పుస్తకాల కోసం, బ్రిటన్‌లో మొదలైన కోపిమ్ ప్రాజెక్టు నుంచి వచ్చిన థోత్ అనే వేదిక ఈ పనే చేస్తుంది. ఒక్కసారి నమోదు చేసిన రికార్డును పుస్తక విక్రేతలకు ఓనిక్స్ ఫార్మాట్‌లో, గ్రంథాలయాలకు మార్క్ ఫార్మాట్‌లో, డీఓఐ (ఆన్‌లైన్‌లో పుస్తకానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) కోసం దాన్ని నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ అడిగే రూపంలో కూడా అందిస్తుంది. మెటాడేటా సీసీ0 (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద ఉంటుంది కనుక ఎవరి అనుమతీ అక్కరలేకుండా గ్రంథాలయాలు వాడే కోహా సాఫ్ట్‌వేర్‌లోకి దించుకోవచ్చు.

సమాధానం (పరిశోధకురాలు, కర్నూలు):
రికార్డు ఎక్కడ పెట్టినా పేర్ల విషయంలో జాగ్రత్త పడండి. మన రచయితల ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా పడి, ఒకే మనిషి క్యాటలాగులో ఇద్దరవుతున్నారు. పరిశోధకులను గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ సంఖ్యను జతచేస్తే ఈ చిక్కు తీరుతుంది. శీర్షిక రోమన్ లిపిలో మాత్రమే ఉంటే తెలుగులో వెతికే విద్యార్థికి దొరకదు. మార్క్‌లో 880 ఫీల్డు ఉన్నది మూల లిపిని కూడా చేర్చడానికే. దాన్ని ఖాళీగా వదిలేయడం మన పుస్తకాలకు మనమే చేసుకునే అన్యాయం.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలండీ. రేపు ఆ థోత్ కూడా మూతపడితే?

సమాధానం (గ్రంథాలయ ఉద్యోగి, అనంతపురం):
అడగవలసిన ప్రశ్నే. బిల్డర్, లిన్, నేలన్ 2015లో ప్రతిపాదించిన సూత్రాలు దీని గురించే చెబుతాయి. వాటి ప్రకారం ఇలాంటి వ్యవస్థ నిర్వహణలో దాన్ని వాడేవారి ప్రతినిధులుండాలి, కష్టకాలానికి నిధి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నిర్వాహకులు దారి తప్పినా చేతులెత్తేసినా మరొకరు కొనసాగించగలిగేలా కోడ్, డేటా రెండూ బహిరంగంగా ఉండాలి. క్రాస్‌రెఫ్ పాలకమండలి 2020లో వీటిని ఆమోదించింది. మీరు కూడా మీ రికార్డుల ఓనిక్స్ ఫైళ్లను ఎప్పటికప్పుడు దించుకొని దగ్గర పెట్టుకోండి. మీకు ఒప్పందం ఇస్తున్న సంస్థను కూడా ఇదే హక్కు లిఖితపూర్వకంగా అడిగి చూడండి. ఇవ్వకపోతే ఇక మాట్లాడవలసిందేమీ లేదు.