స్ట్రాలర్‌తో హీత్ వాక్: నంబర్లు కలవట్లేదు, దారంతా ఇసుక. సాయం చేయండి

కొత్తకాపురం: అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి తల పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ నెదర్లాండ్స్‌లో హీత్ (ఇసుకనేల మీద పొదల బయలు) మీద హీదర్ పొదలు పూశాయి కదా అని ఇంటిల్లిపాదీ వెళ్లాం. యాప్‌లో 7 కిలోమీటర్ల లూప్, ‘ఈజీ, ఫ్లాట్’ అని ఉంది. దారి కూడళ్ల దగ్గర పలకల మీదుండే నంబర్లు వరసగా కాగితం మీద రాసుకున్నాం. మొదటి రెండు దొరికాయి, మూడోది ఎంత నడిచినా రాలేదు. పైగా ఆ తర్వాత దారంతా ఇసుక, స్ట్రాలర్ కదిలితే ఒట్టు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఇక వెనక్కి వచ్చేశాం. వచ్చే శనివారం మళ్లీ వెళ్లాలి. ఈ నంబర్లు ఎలా చదవాలి? స్ట్రాలర్ పోయే దారి ఏది?

ఒక్కమాట: ఏ ఊరు? ఏ యాప్? సైకిల్ నంబర్లా, నడక నంబర్లా?

పచ్చికబాట: దారి సంగతి తర్వాత. ముందు ఇంటికి రాగానే పిల్లల ఒళ్లు చూశారా? ఇక్కడ టిక్స్‌ని, అంటే గోమార్ల లాంటి పురుగుల్ని, చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లైమ్ జబ్బు వాటితోనే వస్తుంది. ఒట్టి ఇసుకలో ఉండవు, మోకాలెత్తు గడ్డిలో, ఫెర్న్ పొదల్లో, అడవి అంచున ఉంటాయి. పెద్దవాళ్లకు మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో చూడండి. పిల్లలకు చెవుల వెనక, మెడ మీద, జుట్టు మొదట్లో తప్పకుండా చూడాలి. కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని మెల్లగా లాగేయాలి. నూనె, స్పిరిట్, అగ్గిపుల్ల లాంటివేవీ ముందు పెట్టకూడదు, పురుగు ఉక్కిరిబిక్కిరైతే లోపలిది ఒంట్లోకి కక్కుతుంది. తీసేశాకే స్పిరిట్ రాయాలి. తేదీ, ఒంటిమీద ఏ చోటో రాసిపెట్టుకోండి. మూడు నెలల్లోపు అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెరిగినా, జ్వరం వచ్చినా హౌస్‌ఆర్ట్స్ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్లాలి.

కొత్తకాపురం: అయ్యో, టిక్స్ గురించి అడగలేదండి. చూస్తాను, థాంక్స్. ఊరు హేజె, దాని పక్కన స్ట్రాబ్రెఖ్ట్‌సె హైడె అనే హీత్. నంబర్లంటే నంబర్లే కదా, సైకిల్‌కి వేరే ఉంటాయా? మా కాగితం మీద నాలుగే ఉన్నాయి.

పటాలపిచ్చి: అక్కడే దొరికింది. 7 కిలోమీటర్లకు నాలుగే నంబర్లంటే అది సైకిల్ జాబితా. సైకిల్ క్నోప్‌పుంట్‌లు (నంబరు పలకలున్న కూడళ్లు) ఒకదానికొకటి కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. నడక క్నోప్‌పుంట్‌లు దగ్గరదగ్గరగా వస్తాయి, కాబట్టి అదే దూరానికి ఎనిమిదో పదో రాసుకోవాల్సి ఉంటుంది. రెండు జాబితాల్లోనూ అంకెలు 1 నుంచి 99 లోపే తిరుగుతాయి గనుక ఒకే నంబరు ఒకే ఊళ్లో రెండు చోట్ల ఉండొచ్చు, ఆ రెంటికీ ఏ సంబంధమూ ఉండదు.

ఈ పద్ధతి పుట్టిందే సైకిళ్ల కోసం. బెల్జియం లింబర్గ్‌లో 1995లో గనుల ఇంజనీరు హ్యూగో బొల్లెన్ ఆలోచనతో మొదలైంది, తర్వాత నెదర్లాండ్స్‌కి వచ్చింది, నడకవి ఆపైన వచ్చాయి. అందుకే చాలా యాప్‌లు తెరవగానే సైకిల్ పటమే చూపిస్తాయి. మనిషి బొమ్మ మీద నొక్కి మార్చుకోవాలి.

మీకు మొదటి రెండు దొరికాయంటే అక్కడిదాకా సైకిల్ బాట వెంటే నడిచారన్నమాట. తర్వాత ఎక్కడో కంచె కర్రకున్న చిన్న నడక పలక చూసి, ఆ బాణం పట్టుకుని ఇసుకలోకి దిగి ఉంటారు. సైకిల్ పలక మీద తెల్లటి నేల, పచ్చ అంకె, రోడ్డు మీద నుంచే కనబడుతుంది. నడక పలక పొట్టి స్తంభం మీదో, గేటు పక్కనో ఉంటుంది, చాలా చిన్నది.

ఒక్కమాట: నేను అడిగింది అదే.

ఇసుకనేల: నంబర్లు సరిచేసుకున్నా ఇసుక మారదు కదండీ. ఫ్లాట్ అంటే ఎత్తుపల్లాలు లేవని మాత్రమే, చక్రం దొర్లుతుందని కాదు. మన బ్రబాంట్ ప్రాంతపు నేల మంచుయుగం చివర్లో గాలి మోసుకొచ్చిన సన్నటి ఇసుక. హీత్ మీద చెట్ల వేళ్లు, ఆకుల పొర తక్కువ, పైన గుర్రాలు తొక్కుతాయి, ఇసుక వదులైపోతుంది. ఎండాకాలం చివర, అంటే సరిగ్గా పూలు పూసే ఆగస్టులో, మరీ అధ్వాన్నం. వాన పడిన మర్నాడు అదే దారి గట్టిగా ఉంటుంది. వీలైతే అలాంటి రోజు చూసుకుని వెళ్లండి.

మీది ఏ స్ట్రాలర్? ముందు చక్రాలు అరచేతంత ఉండి గిర్రున తిరిగేవైతే ఇసుకలో అడ్డం తిరిగి పాతుకుపోతాయి. లాక్ ఉంటే వేసి, ముందు భాగం కాస్త ఎత్తి తోయాలి. అప్పటికీ కదలకపోతే వెనక్కి తిప్పి లాగండి, పెద్ద చక్రాలు ముందు పోతే బరువు వాటిమీద పడుతుంది. గాలి టైర్ల మూడు చక్రాల బండైతే టైర్లలో గాలి కొద్దిగా తగ్గించినా పని జరుగుతుంది. రెండేళ్లలోపు పిల్లయితే బండి కన్నా వీపున కట్టుకునే క్యారియర్ నయం.

కొత్తకాపురం: సిటీ స్ట్రాలర్ అండి, చిన్న చక్రాలవి. పాపకు మూడేళ్లు దాటాయి, బాబుకు ఆరు.

ఇసుకనేల: మూడేళ్ల పిల్లను వీపున 7 కిలోమీటర్లు మోయలేరు. ఆ చక్రాలతో ఇసుక బాట వద్దే వద్దు. ‘హాల్ఫ్‌ఫెర్హార్ట్’, అంటే సగం గట్టిపరిచినది, అని రాసిన దారి చూసుకోండి.

పచ్చికబాట: అది గ్యారంటీ కాదండి. హాల్ఫ్‌ఫెర్హార్ట్ అంటే కంకర పోసిన మట్టి దారే, చలికాలంలో గుంటలు, బురద.

ఇసుకనేల: కంకర ‘పోసింది’ కాదు. సన్నరాయి, గవ్వలు, జిగటమట్టి పరిచి రోలర్‌తో తొక్కించినది. నీళ్లు నిలిస్తే గుంట పడుతుంది, నిజమే. కానీ ఆగస్టులో చక్రానికి అంతకన్నా మంచి దారి హీత్ మీద దొరకదు.

పచ్చికబాట: పరిచినప్పుడు అలా ఉంటుంది. తర్వాత బాగుచేయకపోతే అదీ మట్టిదారే. పేరు చూసి వెళ్లకూడదు.

పటాలపిచ్చి: పేర్ల గొడవ వదిలి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటంలో ఆ దారి మీద నొక్కండి. ‘సర్ఫేస్’ దగ్గర ‘శాండ్’ అని ఉంటే వదిలేయండి, ‘కాంపాక్టెడ్’, ‘ఫైన్ గ్రావెల్’, ‘ఆస్ఫాల్ట్’ ఉంటే వెళ్లండి. ఇంకొకటి: పక్కన కాలిబాట లేనప్పుడు సైకిల్ బాట మీద నడవడానికి ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. హీత్ మీద సైకిల్ బాటలు చదునుగా, గట్టిగా ఉంటాయి. కాబట్టి మీ పాత కాగితం పారేయకండి. ఆ నాలుగు నంబర్ల బాట స్ట్రాలర్‌కి పనికొస్తుంది, పలకలు మాత్రం సైకిల్‌వే చూడాలి. ఒక అంచున వరసగా నడవండి, బాబును గడ్డివైపు ఉంచండి, ఈ-బైకులు చప్పుడు లేకుండా వస్తాయి.

డొమ్మెల్‌ఒడ్డు: ఆరేళ్లు, మూడేళ్లు, మోకాళ్ల నొప్పి. వీళ్లతో 7 ఎందుకండీ? ఆగుతూ పోతే గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్లే. అంటే దాదాపు మూడు, మూడున్నర గంటలు. 3, 4 చాలు. హీత్‌కి పోయి వచ్చే దారినే తిరిగి రండి, లూప్ అక్కర్లేదు: పూలు చూసి, ఎవరు అలిసిపోతే అక్కడే వెనక్కి తిరగొచ్చు. లూప్‌లో సగం దాటాక ఆ వీలుండదు.

పెద్దావిడ కోసమైతే ఐండ్‌హోవెన్‌లోనే ఖెనెపర్ పార్కెన్ అనే పార్కు చూడండి. డొమ్మెల్, టోంగెల్‌రేప్ అనే వాగులు రెండూ అక్కడికి వస్తాయి, గట్టి దారులున్నాయి, పాత నీటిమర ఉంది. చిత్రకారుడు వాన్ గో 1884లో గీసిన మరల్లో అదొకటి. పిల్లలకు పక్కనే పొలం, ఆవులు. ఏటి ఒడ్డున గడ్డి దారి మాత్రం నవంబరు నుంచి తడిసి ముద్దవుతుంది, అప్పుడు బూట్లు కావాలి.

దారికి అడ్డంగా ఇనప కమ్మీల జాలీ కనిపిస్తే స్ట్రాలర్ దానిమీద నడపొద్దు, చక్రం కమ్మీల మధ్య దిగిపోతుంది. పక్కన తనంతట మూసుకునే చిన్న గేటు ఉంటుంది. జాలీ ఉందంటే లోపల ఆవులు మేస్తున్నాయని లెక్క. 25 మీటర్లు ఎడంగా ఉండండి, తల్లికీ దూడకూ మధ్యలోకి పోవద్దు.

గోంగూరపప్పు: పులిహోరతో పాటు చిన్న గ్యాస్ స్టవ్ పట్టుకెళ్లి చాయ్ పెట్టుకోవచ్చా అక్కడ?

ఒక్కమాట: వద్దు.

పచ్చికబాట: దయచేసి వద్దండి. 2010 జులైలో అదే హీత్‌లో నిప్పంటుకుని దాదాపు 200 హెక్టార్లు కాలిపోయింది. ఎండిన హీదర్ మండితే గాలివాటున పరిగెడుతుంది, పిల్లలతో తప్పించుకోలేరు. ఫ్లాస్క్‌లో పోసుకెళ్లండి. పొగ కనిపిస్తే గాలికి అడ్డంగా పక్కకు జరిగి 112కి ఫోన్ చేయండి, దగ్గరలోని పలక నంబరు చెప్పండి. అది నడకదా సైకిల్‌దా కూడా చెప్పాలి.

కొత్తకాపురం: మనిషి బొమ్మ నొక్కి చూశాను, పదకొండు నంబర్లు వచ్చాయి. ఇప్పుడర్థమైంది. ఈసారి సైకిల్ బాట మీదే 4 కిలోమీటర్లు. థాంక్స్ అండి అందరికీ.

గోంగూరపప్పు: మరి ట్రైన్‌లో హేజె స్టేషన్‌లో దిగితే హీత్‌దాకా స్ట్రాలర్‌తో గట్టి దారి ఉందా? మాకు కారు లేదు.