నాన్-కంపీట్ క్లాజ్ ఉన్న ఫ్రీలాన్స్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న:
బెంగళూరు ఏజెన్సీ ఒకటి ఆరు నెలల యాప్ డిజైన్ పనికి కాంట్రాక్టు పంపింది. పని నడిచినన్నాళ్లూ, ముగిశాక ఇంకో 12 నెలలూ ఫిన్‌టెక్ (ఆర్థిక సేవల టెక్నాలజీ) రంగంలో ఎవరికీ పనిచేయకూడదట. చేస్తే 5 లక్షలు కట్టాలి. ఇప్పుడున్న నా క్లయింట్లలో ఇద్దరు ఫిన్‌టెక్ వాళ్లే. ఇది చెల్లుతుందా?

జవాబు 1:
ముగిశాక ఉన్న 12 నెలల గురించి అంత భయం అక్కర్లేదండీ. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 27 ప్రకారం వృత్తి చేసుకోనివ్వని షరతు ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న మంచిపేరుతో) సహా అమ్మినప్పుడే మినహాయింపు. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద పర్సెప్ట్ డి'మార్క్ అనే కంపెనీ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. అక్కడున్నది ఉద్యోగం కాదు, ప్రమోషన్ ఒప్పందం. అందుకే ఫ్రీలాన్సర్లకు ఆ తీర్పు బాగా అక్కరకొస్తుంది.

అసలు ముప్పు ఆ ఆరు నెలల్లోనే ఉంది. ఒప్పందం నడుస్తుండగా పెట్టే ఆంక్షలను కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి (సుప్రీంకోర్టు తీర్పు, గోలికరి కేసు, 1967). ఆ ఇద్దరు క్లయింట్లను ఉంచుకుని సంతకం పెడితే మొదటి రోజే ఉల్లంఘన అవుతుంది. ఆటో-రెన్యూవల్ (గడువు దానంతటదే పొడిగే షరతు) ఉందేమో కూడా చూడండి, ఉంటే ఆ ఆరు నెలలు సాగుతూనే ఉంటాయి.

జవాబు 2:
క్లాజ్ తీసేయమంటే చాలా ఏజెన్సీలు ఒప్పుకోవు, మార్చమంటే ఒప్పుకుంటాయి. "ఫిన్‌టెక్ రంగం" బదులు రెండు మూడు పోటీ కంపెనీల పేర్లు రాయించండి. పాత క్లయింట్లకు ఇది వర్తించదని అనుబంధంలో పెట్టించండి. వాళ్లతో ఎన్‌డీఏ (వివరాలు బయటపెట్టననే ఒప్పందం) ఉంటే, పేర్లు రాసేముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఏజెన్సీ పరిచయం చేసిన క్లయింట్ దగ్గరకు నేరుగా వెళ్లనని రాసివ్వడం న్యాయమే. మొత్తం రంగాన్నే వదులుకోమంటే మాత్రం నెలనెలా రిటైనర్ (కట్టుబడి ఉన్నందుకు ఇచ్చే స్థిర రుసుము) అడగండి. డబ్బులివ్వకుండా చేతులు కట్టేయడం అన్యాయం.

జవాబు 3:
5 లక్షలు రాసినంత మాత్రాన అంతా ఇప్పించరు. అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి, ఆ లోపు సబబైన పరిహారమే ఇప్పిస్తారు. కానీ కోర్టు దాకా వెళ్లకుండానే ఆఖరి ఇన్‌వాయిస్ ఆపేస్తారు, ఫ్రీలాన్సర్‌కు దెబ్బ తగిలేది అక్కడే. బాకీల్లోంచి పెనాల్టీ మినహాయించుకునే "సెట్-ఆఫ్" క్లాజ్ కొట్టేయించండి. చెల్లింపును మైలురాళ్లుగా విడగొట్టి, పూర్తి డబ్బు అందాకే కాపీరైట్ బదిలీ అని రాయించండి. సంతకానికి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) చేయించుకుంటే, 45 రోజులు దాటిన బాకీ మీద ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ అడగొచ్చు.

వర్తించే చట్టం ఏ దేశానిదని రాశారో కూడా చూడండి. సింగపూర్ అనో ఇంగ్లండ్ అనో ఉంటే సెక్షన్ 27 దన్ను తేలిగ్గా దొరకదు.